యూసుఫ్ ఇస్లాం: గానం, మౌనం, మళ్ళీ గానం

అరబ్బీ సాహిత్యంతో కొద్దిపాటి పరిచయమున్న వారికైనా లబీద్ బిన్ రబీఆ (రజి) పేరు తెలిసే ఉంటుంది. అజ్ఞాన కాలపు మహాకావ్యాలుగా పేరొందిన ముఅల్లఖాత్‌లో ఒకటి ఆయనది. ఇస్లాం స్వీకరించిన పిమ్మట ఆయన కవిత్వం దాదాపు మానివేశారనీ, హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో కొత్త కవితలేమైనా ఉంటే పంపమని అడిగినప్పుడు బఖరా సూరా రాసి పంపారనీ చరిత్రకారులు చెబుతారు. హస్సాన్ బిన్ సాబిత్ (రజి) కూడా ఆ కాలపు కవే, ఆయనా ఇస్లాం స్వీకరించినవారే. కాని ఆయన కవిత్వం మానలేదు. దైవప్రవక్త (స) మస్జిదులో ఆయన కొరకు మింబరు వేయించి కవిత చెప్పించినట్లు హదీసు గ్రంథాల్లో ఉంది. ఒకరు మౌనం వహించారు, మరొకరు గళమెత్తారు. ఇద్దరూ సహాబాలే. ఇద్దరిలో ఎవరి మార్గాన్నీ తప్పుపట్టిన దాఖలా లేదు.

ఈ రెండు మార్గాల్లోనూ ఒకే జీవితంలో నడిచిన కళాకారుడు ఇరవయ్యవ శతాబ్దంలో ఇంగ్లండులో కనిపిస్తాడు. క్యాట్ స్టీవెన్స్ అనే పేరుతో కోట్లమంది శ్రోతలను సంపాదించుకుని, 1977లో ఇస్లాం స్వీకరించి, యూసుఫ్ ఇస్లాం అయిన గాయకుడాయన. ముస్లిం సమాజంలో ఆయన పేరు సాధారణంగా రెండు సందర్భాల్లో వినిపిస్తుంది. సంగీతం నిషిద్ధమని వాదించేవారు ఆయన గిటారు వదలివేయడాన్ని సాక్ష్యంగా చూపుతారు. సంగీతం ధర్మసమ్మతమని వాదించేవారు ఆయన మళ్ళీ గిటారు పట్టడాన్ని సాక్ష్యంగా చూపుతారు. ఇరుపక్షాల వారూ మరచే సంగతి ఒకటుంది: ఒక వ్యక్తి జీవితం షరీఅతులో దలీలు కాదు. మరొకటి కూడా ఉంది: ఈ వాదంలో పడి ఆయన పాటలను వినేవారు, వాటి మంచిచెడ్డలు తూచేవారు కరువయ్యారు. ఈ వ్యాసం ఉద్దేశం ఆ పని చేయడమే.

అన్వేషణ కాలం

ఆయన 1948 జూలై 21న లండన్‌లో జన్మించారు. అసలు పేరు స్టీవెన్ దిమిత్రి జార్జియు. తండ్రి సైప్రస్ ద్వీపానికి చెందిన గ్రీకు, తల్లి స్వీడన్ దేశస్థురాలు. నాటకశాలలతో కిటకిటలాడే షాఫ్ట్స్‌బరీ అవెన్యూ దగ్గర వారికి ఒక రెస్టారెంటు ఉండేది. కుటుంబం దానిపై అంతస్తులోనే కాపురముండేది. తండ్రి గ్రీకు సనాతన క్రైస్తవుడు, తల్లి బాప్టిస్టు, కుమారుణ్ణి చదివించినది కాథలిక్కు పాఠశాలలో. మూడు సంప్రదాయాల నడుమ పెరిగిన పిల్లవానికి మతమంటే ప్రశ్నగానే పరిచయమై ఉంటుంది.

పద్దెనిమిదేళ్ళ వయసులో ఆయన పాడిన 'మాథ్యూ అండ్ సన్' 1967లో బ్రిటిష్ పాటల పట్టికలో రెండవ స్థానానికి చేరింది. ఒక వ్యాపార సంస్థలో గడియారం ముల్లుకు కట్టుబడి జీవితమంతా అరగదీసుకునే గుమాస్తాల గురించిన పాట అది. ఆ వయసు గాయకులు ప్రేమపాటలతో తృప్తిపడుతున్న రోజుల్లో చాకిరీ గురించి పాడటం గమనించదగినది. అయితే ఆ తొలి రికార్డులలో వాద్యాల ఆర్భాటం ఎక్కువ. ఎవరో కుట్టిన చొక్కా తొడుక్కున్నట్లు ఆయన గొంతు వాటిలో ఇమడలేదు.

ఇరవై ఏళ్ళ ప్రాయంలోనే ఆయనకు క్షయ సోకింది. నెలల తరబడి ఆసుపత్రిలోనూ, ఆ తరువాత ఇంటిలోనూ గడపవలసి వచ్చింది. మరణాన్ని దగ్గరగా చూచిన ఆ విరామంలోనే ఆయన మతగ్రంథాలు, ధ్యాన పద్ధతులు తిరగవేశారు, పాటలు రాశారు. వాటి ఫలితం 1970లో వెలువడిన 'మోనా బోన్ జేకన్', 'టీ ఫర్ ది టిల్లర్‌మన్', 1971లో వెలువడిన 'టీజర్ అండ్ ది ఫైర్‌క్యాట్'. నిర్మాత పాల్ శామ్‌వెల్ స్మిత్ ఆర్భాటాన్ని తగ్గించి, రెండు గిటార్లకూ ఒక గొంతుకూ చోటిచ్చాడు. ఆ మూడు రికార్డులే ఆయన కీర్తికి పునాది.

ఈ పాటల బలం ఎక్కడుంది? ప్రశ్నలో ఉంది. 'వేర్ డూ ది చిల్డ్రన్ ప్లే' అనే పాట యంత్రాలనూ రహదారులనూ ఆకాశహర్మ్యాలనూ తిట్టదు. ఇవన్నీ కట్టుకున్నాక పిల్లలు ఆడుకునే చోటేదని మాత్రం అడుగుతుంది. 'ఆన్ ది రోడ్ టు ఫైండ్ అవుట్' ఇల్లు విడిచి సత్యం వెతుక్కుంటూ వెళ్ళిన వ్యక్తి కథ. ఆ వెతుకులాట చివరికి గ్రంథపఠనం వైపు ఒక సూచనతో ముగుస్తుంది. ఖుర్ఆన్ ఆయన చేతికి అందడానికి ఆరేళ్ళ ముందు రాసిన పాట అది.

అన్నింటిలో మేటి 'ఫాదర్ అండ్ సన్'. రష్యా విప్లవం నేపథ్యంలో తలపెట్టిన ఒక సంగీత నాటకం కొరకు రాసినదది. నాటకం పూర్తికాలేదు, పాట మిగిలింది. తండ్రి నిదానించమంటాడు, కుమారుడు వెళ్ళిపోవాలంటాడు. ఒకే గాయకుడు తండ్రి మాటలను మంద్రస్థాయిలోనూ, కుమారుని మాటలను హెచ్చుస్థాయిలోనూ పాడతాడు. ఎవరిది ఒప్పో పాట చెప్పదు. ఇద్దరూ మాట్లాడతారు గాని ఒకరి మాట ఒకరికి చేరదు. యువతరం తిరుగుబాటును ఆకాశానికెత్తుతున్న కాలంలో తండ్రికి కూడా అంతే గౌరవంతో చోటివ్వడం సామాన్యమైన సంయమనం కాదు.

లోపాలు లేవని కాదు. 'వైల్డ్ వరల్డ్' శ్రావ్యమైన పాటే. కాని తనను విడిచి వెళుతున్న స్త్రీని చిన్నపిల్లగా భావించి హితబోధ చేసే ధోరణి అందులో ఉంది. 1972 నాటి 'క్యాచ్ బుల్ ఎట్ ఫోర్' రికార్డు పేరు జెన్ బౌద్ధుల చిత్రమాల నుంచి వచ్చింది. అమెరికాలో అది ప్రథమ స్థానానికి చేరింది. 1975 నాటి 'నంబర్స్' పైథాగరస్ సంఖ్యా సిద్ధాంతం మీద అల్లిన కథ. ఈ చివరి దానిలో అన్వేషణ కంటే అలసట ఎక్కువగా వినిపిస్తుంది. తలుపు తరువాత తలుపు తడుతున్న వ్యక్తి చేతిలో బలం తగ్గిన చప్పుడది.

అనువాదంలో దొరికిన గ్రంథం

1970ల నడుమ అమెరికాలో మాలిబూ తీరాన ఈతకు దిగిన ఆయనను సముద్రం లోపలికి లాగింది. దేవుడు రక్షిస్తే ఆయన కొరకే పనిచేస్తానని మొక్కుకున్నాననీ, అంతలో ఒక అల తనను ఒడ్డువైపు నెట్టిందనీ ఆయన పలుమార్లు చెప్పారు. సముద్రంలో చిక్కుకున్నప్పుడు దేవుణ్ణి పిలిచి, నేలమీద కాలు మోపగానే మరచిపోయే మానవుని గురించి ఖుర్ఆన్ పదేపదే హెచ్చరిస్తుంది. ఆయన మరచిపోలేదు. కొంతకాలానికి సోదరుడు డేవిడ్ జెరూసలేం యాత్ర నుంచి తెచ్చిన ఖుర్ఆన్ ప్రతి ఒకటి ఆయనకు బహూకరించాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించవలసి ఉంది. ఆయనకు అరబ్బీ రాదు. తజ్వీదు, బలాగత్, సూరాల నాదం ఇవేవీ ఆయనకు అందుబాటులో లేవు. నాదమే జీవనోపాధిగా గల వ్యక్తి నాదం తొలగించిన అనువాదం ద్వారా దైవవాక్యాన్ని గుర్తించాడు. ఖుర్ఆన్ అనువాదం ఖుర్ఆన్ కాదని మన పండితులు అనడం సరైనదే. అయితే అనువాదం తలుపు తెరవగలదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. ఆయనను ఎక్కువగా కదిలించినది యూసుఫ్ సూరా. సోదరులు బావిలో పడవేసిన బాలుణ్ణి వర్తకులు స్వల్ప మూల్యానికి అమ్మిన కథ అది. పద్దెనిమిదేళ్ళ నుంచి అంగడిలో ఫోటోగా, రికార్డుగా, టిక్కెట్టుగా అమ్ముడైన యువకునికి ఆ కథ ఎందుకు తన కథగా తోచిందో ఊహించడం కష్టం కాదు. 1977 డిసెంబరులో లండన్ రీజెంట్స్ పార్క్ మస్జిదులో ఆయన కలిమా చదివారు. మరుసటి ఏడాది యూసుఫ్ ఇస్లాం అని పేరు మార్చుకున్నారు.

మౌనం దేని ఫలితం?

1978లో 'బ్యాక్ టు ఎర్త్' రికార్డు వెలువడింది. 1979 నవంబరులో లండన్ వెంబ్లీలో బాలల సంవత్సరం సందర్భంగా యునిసెఫ్ కొరకు పాడిన తరువాత ఆయన వేదిక దిగిపోయారు. గిటార్లు వేలం వేయించి ధర్మకార్యాలకు ఇచ్చివేశారు.

మౌలానాలు నోరు నొక్కారని పాశ్చాత్య పత్రికలు అప్పుడూ తరువాతా రాశాయి. వాస్తవం వేరు. మస్జిదు ఇమాం తనను పాటలు మానమని చెప్పలేదనీ, పాటల భావం సదాచారానికి విరుద్ధం కాకుండా ఉంటే కొనసాగించవచ్చన్నాడనీ, ఆ తరువాత ఇతరుల నుంచి భిన్నాభిప్రాయాలు విన్నాననీ ఆయనే వివరించారు. అభిప్రాయభేదం ఉన్న విషయం కాబట్టి దూరంగా ఉండటమే క్షేమమని నిర్ణయించుకున్నారు.

ఆ అభిప్రాయభేదం నిజమైనదే. లుఖ్మాన్ సూరాలోని 'లహ్వల్ హదీస్' అనే మాటకు హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) గానమని అర్థం చెప్పారు. వాద్యాలను గురించి సహీహ్ బుఖారీలో ఉన్న హదీసును అధిక సంఖ్యాకులైన పండితులు నిషేధానికి ఆధారంగా గ్రహించారు. ఆ హదీసు పరంపర తెగి ఉన్నదని ఇబ్నె హజ్మ్ (రహ్మ) ఆక్షేపించారు. పండుగనాడు ఇద్దరు బాలికలు పాడుతుంటే హజ్రత్ అబూబక్ర్ (రజి) మందలించబోగా దైవప్రవక్త (స) వారించిన ఉదంతమూ ప్రామాణిక గ్రంథాల్లోనే ఉంది. ఇమాం గజాలీ (రహ్మ) ఇహ్యాలో సమాకు ఒక ప్రత్యేక అధ్యాయం కేటాయించారు. మన దేశంలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (రహ్మ) సుల్తాన్ గియాసుద్దీన్ తుగ్లక్ సమక్షంలో ఉలమా ముందు సమాను సమర్థించుకోవలసి వచ్చింది. ఏడు శతాబ్దాల క్రితం ఢిల్లీలో తెగని వాదం లండన్‌లో ఒక కొత్త ముస్లిం ఒక రాత్రిలో తేల్చుకోగలడా?

అనుమానాస్పదమైన దానిని వదలినవాడు తన ధర్మాన్నీ గౌరవాన్నీ కాపాడుకున్నాడనే హదీసు ప్రసిద్ధమైనది. యూసుఫ్ చేసినది అదే. దీనిని మన పండితులు వరఅ అంటారు. ఫత్వా అందరికీ వర్తిస్తుంది. వరఅ దానిని పాటించిన వ్యక్తికి సంబంధించినది. ఆయన మౌనాన్ని హరాం ఫత్వాగా ప్రచారం చేసినవారు ఈ భేదాన్ని విస్మరించారు. పైగా ఆ మౌనం సంపూర్ణమూ కాదు. 1980లో పెద్ద కుమార్తె పుట్టినప్పుడు, అక్షరాలతో పాటు అల్లాహ్ నామాన్ని నేర్పే 'ఎ ఈజ్ ఫర్ అల్లాహ్' అనే పాట ఆయన రాశారు. ఆ పేరుతో రికార్డు వెలువడినది మాత్రం 2000లో.

ఆ సంవత్సరాల్లో ఆయన చేసిన పని తక్కువేమీ కాదు. పాత పాటలపై వచ్చే రాయల్టీలు ధర్మకార్యాలకు మళ్ళాయి. 1983లో లండన్‌లో ఇస్లామియా పాఠశాల ప్రారంభమైంది. క్రైస్తవ, యూదు పాఠశాలలకు ఏనాటి నుంచో అందుతున్న ప్రభుత్వ సహాయం దానికి 1998లో గాని లభించలేదు. ఆ సహాయం పొందిన తొలి ముస్లిం పాఠశాలల్లో అది ఒకటి. పిల్లలు ఎక్కడ ఆడుకుంటారని 1970లో అడిగిన గాయకుడు పిల్లలకు బడి కట్టించాడు.

1989 నాటి ఉదంతం

ఆయన జీవితాన్ని పరిశీలించేవారు ఒక ఘట్టాన్ని దాటవేయకూడదు. సల్మాన్ రష్దీ నవలపై వివాదం చెలరేగిన 1989 ఫిబ్రవరిలో, విద్యార్థుల ప్రశ్నలకు సమాధానంగా ఆయన దైవదూషణకు ధర్మశాస్త్ర గ్రంథాల్లో ఉన్న శిక్షను ప్రస్తావించారు. హత్యను సమర్థించాడని పత్రికలు రాశాయి. తాను శాస్త్రంలో ఉన్నది చెప్పాననీ, చట్టాన్ని చేతిలోకి తీసుకొమ్మని ఎవరినీ ప్రోత్సహించలేదనీ ఆయన ప్రకటన ఇచ్చారు. కాని ఆ తరువాత ఒక టెలివిజన్ చర్చలో ఆయన అన్న మాటలు మరింత కటువుగా ఉన్నాయి. అవి హాస్యంగా అన్నవని ఆయన తదనంతరం వివరించారు. అమెరికాలో ఒక బృందం తన రికార్డు నుంచి 'పీస్ ట్రెయిన్' పాటను తొలగించింది.

పత్రికల అతిశయోక్తిని మినహాయించినా ఇక్కడ లోపం మిగులుతుంది. ప్రాణాలతో ముడిపడిన విషయం హాస్యానికి తగినది కాదు. ధర్మశాస్త్రంలో శిక్ష అనేది న్యాయస్థానం, విచారణ, పాలకుని అధికారం, పశ్చాత్తాపానికి అవకాశం మున్నగు షరతుల మధ్య ఉండే విషయం. ఆ షరతులు లేకుండా శిక్షను మాత్రం చెప్పడం వాక్యంలో సగం అనువదించి వదలివేయడం వంటిది. పాటల విషయంలో ఇతరుల ఫత్వా కొరకు అణకువతో నిరీక్షించిన వ్యక్తి, అంతకంటే ఎన్నో రెట్లు క్లిష్టమైన విషయంలో మైకు ముందు ముఫ్తీ స్థానంలో కూర్చున్నాడు. బాధ్యత ఆయనది ఒక్కడిదే కాదు. ప్రసిద్ధుడైన నవముస్లిం దొరకగానే అతణ్ణి ప్రతి విషయంలోనూ ప్రతినిధిగా నిలబెట్టే అలవాటు మన సమాజానికి ఉంది. కీర్తి ఇల్ముకు ప్రత్యామ్నాయం కాదు.

తిరిగి వచ్చిన గళం

మార్పు బోస్నియా యుద్ధంతో మొదలైంది. బోస్నియా విదేశాంగ మంత్రి ఇర్ఫాన్ లుబియాంకిచ్ తాను కూర్చిన పాట గల కేసెట్టు ఒకటి ఆయనకు ఇచ్చాడు. 1995లో ఆ మంత్రి ప్రయాణిస్తున్న హెలికాప్టరును కూల్చివేశారు. ప్రాణభయంలో ఉన్న ఒక ముస్లిం సమాజం పాటలతో ధైర్యం తెచ్చుకోవడం చూచాక గానం గురించి మళ్ళీ ఆలోచించానని యూసుఫ్ చెప్పారు. 1995లో దైవప్రవక్త (స) జీవితచరిత్రను వచనంలో చదివి, నడుమ గేయాలు జోడించిన రికార్డు విడుదల చేశారు. 1997లో బోస్నియా పాటల సంపుటి వెలువడింది. 2001 సెప్టెంబరు దాడులను ఆయన బహిరంగంగా ఖండించారు. అయినా 2004లో ఆయన ప్రయాణిస్తున్న విమానాన్ని అమెరికా అధికారులు దారి మళ్ళించి ఆయనను వెనక్కి పంపారు. అదే ఏడాది రోమ్‌లో నోబెల్ శాంతి గ్రహీతల సదస్సు ఆయనకు శాంతి పురస్కారం ఇచ్చింది. కుమారుడు ఇంటికి తెచ్చిన గిటారును చేతిలోకి తీసుకున్న తరువాత, 2006లో 'యాన్ అదర్ కప్' వెలువడింది. ఇరవై ఎనిమిదేళ్ళ తరువాత వాద్యాలతో వచ్చిన తొలి రికార్డు అది.

ఇటీవలి పాటల నాణ్యత ఎలా ఉంది? నిష్పక్షపాతంగా చెప్పాలంటే ఎగుడుదిగుడుగా ఉంది. జవాబు ముందే సిద్ధంగా పెట్టుకుని దానికి పాట తొడిగిన చోట అది ఉపన్యాసమై చప్పబడుతుంది. 'యాన్ అదర్ కప్'లో ఒక పాటకు ఆయన 1973 నాటి దీర్ఘగీతం 'ఫారినర్ స్వీట్' నుంచి కొంత భాగం తీసుకున్నారు. నాడు మానవ ప్రేమను ఉద్దేశించిన స్వరం నేడు దైవప్రేమ వైపు తిరిగింది. ఇష్ఖె మజాజీ నుంచి ఇష్ఖె హఖీఖీకి సాగే ఈ ప్రయాణం ఉర్దూ, ఫార్సీ పాఠకులకు కొత్త కాదు. కాని ఆంగ్ల రాక్ సంగీత శ్రోతకు ఆ పరిభాష లేదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. పాకిస్తాన్‌లో 'దిల్ దిల్ పాకిస్తాన్' పాటతో పేరుపొందిన జునైద్ జంషేద్ కూడా సంగీతం వదలివేశారు. ఆయన 2016లో విమాన ప్రమాదంలో మరణించే వరకు నాత్‌లు పాడారు. ఆయన వదలిన చోట ఉర్దూలో శతాబ్దాల నాత్ సంప్రదాయం చేయి చాచి నిలిచి ఉంది. యూసుఫ్ కు ఆంగ్లంలో అటువంటి ఆసరా ఏదీ లేదు. ముస్లిం భక్తిగీతానికి ఆంగ్లంలో పలుకుబడిని ఆయన తన చేతులతో తయారుచేసుకోవలసి వచ్చింది. తెలుగులో ధర్మసాహిత్యం రాసేవారికి ఈ ఇబ్బంది సుపరిచితమే. 'దేవుడు' అనాలా, 'అల్లాహ్' అనాలా, 'ప్రార్థన' అంటే నమాజు అర్థం వస్తుందా, దుఆ అర్థం వస్తుందా అని తడుముకున్న కలం ఏదైనా యూసుఫ్ పాటల్లోని తడబాటును అర్థం చేసుకోగలదు. పిల్లల కొరకు రాసిన పాటల్లో ఆయన ఎక్కువగా కృతకృత్యులయ్యారు. అక్కడ మాట సాదాగా ఉంటుంది, బోధ బరువు తెలియదు.

2017 నాటి 'ది లాఫింగ్ యాపిల్' రికార్డుపై ఆయన యూసుఫ్, క్యాట్ స్టీవెన్స్ అనే రెండు పేర్లనూ వేయించారు. ఇది కొందరికి నచ్చలేదు. జాహిలియ్యత్ పేరు మళ్ళీ ఎందుకన్నారు. కాని లబీద్ ముఅల్లఖాను ముస్లిం విద్వాంసులే కంఠస్థం చేసి, వ్యాఖ్యానించి, మన మదరసాల దాకా చేర్చారు. విశ్వాసానికి పూర్వం రాసినదంతా తగులబెట్టవలసిన అవసరం వారికి కనబడలేదు.

2020లో, తొలి విడుదలకు యాభై ఏళ్ళు నిండిన సందర్భంలో, 'టీ ఫర్ ది టిల్లర్‌మన్' పాటలన్నీ ఆయన మళ్ళీ పాడారు. అందులో 'ఫాదర్ అండ్ సన్' వినదగినది. కుమారుని మాటలకు 1970లో ఒక వేదికపై రికార్డయిన తన ఇరవై రెండేళ్ళ గొంతునే ఉంచారు. తండ్రి మాటలు డెబ్బై ఏళ్ళు దాటిన వయసులో కొత్తగా పాడారు. వృద్ధుడైన విశ్వాసి వెళ్ళిపోతానంటున్న యువకునికి జవాబు చెబుతున్నాడు. కొత్త గొంతు పాత గొంతును మందలించదు. వెళ్ళవద్దని తండ్రి అంటూనే ఉన్నాడు. కాని ఆ యువకుడు వెళ్ళి ఉండకపోతే ఈ వృద్ధునికి ఖుర్ఆన్ దొరికేది కాదని శ్రోతకు తెలుసు. పాట మొదట రాసినప్పుడు లేని అర్థం జీవితం దానికి సమకూర్చింది. ఆయన ఇస్లాం స్వీకరించిన తరువాత చేసిన సంగీత కృషిలో ఇదే అత్యుత్తమమని చెప్పవచ్చు. ఇందులో బోధ ఒక్క ముక్క కూడా లేదు.

2023లో కొత్త రికార్డు 'కింగ్ ఆఫ్ ఎ ల్యాండ్', 2025లో ఆత్మకథ వెలువడ్డాయి. సంగీతంపై తీర్పు కోరేవారు ఆయన వద్దకు పోనక్కరలేదు. ఫిఖ్హ్ గ్రంథాలు ఉన్నాయి, వాటిని చదివిన పండితులు ఉన్నారు. నిషేధ పక్షాన్ని అనుసరించేవారు ఆయన మౌనం నుంచి, అనుమతి పక్షాన్ని అనుసరించేవారు ఆయన గానం నుంచి నేర్చుకోదగినది ఒకటే: రెండు నిర్ణయాలూ ఆయన అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవలసి ఉందనే భయంతో తీసుకున్నారు, రెండింటికీ మూల్యం చెల్లించారు. ఇక పాటల సంగతి చూస్తే, ముస్లిం ఇళ్ళలో పెరుగుతూ ఇల్లు విడిచి దేనినో వెతుక్కోవాలనిపించే పిల్లలు నేడు కూడా ఉన్నారు. వారితో మాట్లాడటం తెలియని తండ్రులూ ఉన్నారు. ఆ పాత పాటను ఉభయులూ కలిసి వింటే సంభాషణ మొదలుపెట్టడానికి కొంత సాయమవుతుంది.